చివరి పేజీ దాకా తీర్పు వద్దు

అమలాపురంలో మా బడికీ ఇంటికీ మధ్య ఒక అద్దె పుస్తకాల బడ్డీ ఉండేది. రోజుకు పావలా. ప్రతి పుస్తకానికీ ఖాకీ అట్ట, వెన్నుకు గుడ్డ పట్టీ, దబ్బనంతో వేసిన దారపు కుట్లు. ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో అక్కణ్ణుంచి కొమ్మూరి సాంబశివరావుగారి నవల ఒకటి తెచ్చుకున్నాను. పెరట్లో కొబ్బరిచెట్ల నీడన మడతమంచం వాల్చుకుని పుస్తకం తెరిచాను. మొదటి పేజీలోనే ఎవరో పెన్సిలుతో పెద్ద పెద్ద అక్షరాల్లో రాసిపెట్టారు: హంతకుడు ఫలానా.

ఏడుపొచ్చినంత పనైంది. తిరిగి ఇచ్చేద్దామంటే పావలా వెనక్కి రాదు. అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న మామ్మ నా మొహం చూసి సంగతేమిటని అడిగింది. చెప్పాను.

"రావణాసురుడు చస్తాడని తెలిసే కదరా ఏటా నవమి పందిట్లో కూర్చుని హరికథ వింటున్నాం? చదువు, ఏం కాదు" అంది.

అయిష్టంగానే మొదలుపెట్టాను. ఇరవై పేజీలు దాటేసరికి మంచం మీద లేచి కూర్చున్నాను. ఆ ఫలానా మనిషి గదిలోకి వచ్చినప్పుడల్లా రచయిత నా చూపును ఇంకోవైపు తిప్పేస్తున్నాడు. అతను అబద్ధం ఆడుతుంటే సరిగ్గా అప్పుడే టెలిఫోను మోగుతోంది. అతని చేతిలో ఉన్న వస్తువు గురించి ఒక్క ముక్క చెప్పి, వెంటనే ఎదుటివాడి కోపం గురించి అరపేజీ రాశాడు. పేరు తెలియకుండా చదివి ఉంటే ఇవేవీ నాకు కనిపించేవి కావు. సాయంత్రానికి పుస్తకం పూర్తయింది. అది ఏ నవలో ఇక్కడ చెప్పను. ఇంకా చదవనివాళ్లు ఉంటారు, వాళ్ల ఆనందం వాళ్లకే దక్కాలి.

ఆ మధ్యాహ్నం నాకు తెలిసొచ్చిన విషయమే ఈ అధ్యాయం. డిటెక్టివ్ కథలో హంతకుడి పేరు దొరకడం చివరి పది నిమిషాల సంబరం. అంతకుముందు రెండు మూడు గంటలసేపు అది మన చేత చేయించే పని వేరే ఉంది: ప్రతిదాన్నీ చూడు, ప్రతివాడి మాటా విను, అన్నీ చేతికొచ్చేదాకా ఎవరినీ దోషి అనకు. ఈ మూడూ అలవాటు చేసుకున్నవాడికి పుస్తకం రెట్టింపు రుచిస్తుంది. ఆ అలవాటు పుస్తకం మూశాక కూడా వాడి వెంటే ఉంటుంది.

ఈ ఆట ఎక్కణ్ణుంచి వచ్చింది

1841లో అమెరికాలో ఎడ్గార్ అలన్ పో రాసిన 'ది మర్డర్స్ ఇన్ ది రూ మోర్గ్' కథతో ఈ సాహిత్యం మొదలైందని సాధారణంగా లెక్కవేస్తారు. 1868లో విల్కీ కాలిన్స్ 'ది మూన్‌స్టోన్' వచ్చింది. అందులో పోయిన వజ్రం మన దేశం నుంచి దోచుకెళ్లినదే. 1887లో ఆర్థర్ కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ను పరిచయం చేశాడు. నాలుగు నవలలు, 56 కథల్లో హోమ్స్ ప్రపంచమంతా తిరిగాడు. 1920లో అగాథా క్రిస్టీ తొలి నవల వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆమె ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసింది. ఏ విషం ఎంత మోతాదులో ఏం చేస్తుందో అక్కడే తెలుసుకుంది. ఆమె కథల్లో విషప్రయోగాలు అంత నమ్మకంగా ఉండటానికి కారణం ఆ ఉద్యోగమే.

మనకు ఈ గాలి ముందుగా బెంగాలీ అనువాదాల మీదుగా వీచింది. అపరాధ పరిశోధక నవల అన్న పేరు అలా స్థిరపడింది. తర్వాత కొమ్మూరి సాంబశివరావుగారు మద్రాసులో డిటెక్టివ్ యుగంధర్‌ను, అతని అసిస్టెంట్ రాజును సృష్టించారు. ఆ ఇద్దరూ ఒక తరానికి ఇంటి మనుషులైపోయారు. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్, పానుగంటి పేర్లతో జేబు నవలలు పుట్టలు పుట్టలుగా వచ్చాయి. మధుబాబుగారి షాడో సాహసాల కోసం కుర్రకారు వరుస కట్టేవారు. మిగతా ఊళ్లలో ఈ పుస్తకాలు రైల్వేస్టేషన్ స్టాల్‌లో దొరికేవి. కోనసీమ నడిబొడ్డుకు రైలు లేదు కాబట్టి మాకు బస్టాండు కొట్లూ, అద్దె బడ్డీలే దిక్కు. పుస్తకం గోదావరి దాటి వచ్చేసరికి కొంచెం ఆలస్యమయ్యేది. చేతులు మారడంలో మాత్రం ఆలస్యం ఉండేది కాదు.

మన గడ్డకు ఇందులో ఇంకో వాటా కూడా ఉంది. యండమూరి వీరేంద్రనాథ్‌గారు 1948 నవంబర్ 14న పుట్టింది రాజోలులోనే. 'విజయానికి ఐదు మెట్లు' రాసిన చేత్తోనే ఆయన 'అభిలాష' రాశారు. ఉరిశిక్ష రద్దు కావాలని తపించే ఒక యువ లాయరు తనంతట తానే ఒక హత్యకేసులో ఇరుక్కునే పథకం వేస్తాడు. నిర్దోషికి కూడా ఉరి పడొచ్చని రుజువు చేయాలని అతని ఆశయం. 1983లో అది సినిమాగా వచ్చింది. సాక్ష్యం అంటే ఏమిటి, సాక్ష్యానికీ సత్యానికీ మధ్య ఎంత దూరం ఉండొచ్చు అన్న ప్రశ్నను అంత ఉత్కంఠగా నడిపిన కథలు తక్కువ.

మొదటి మెట్టు: ఒక కాగితం, మూడు గళ్లు

డిటెక్టివ్ నవలను ఊపిరి బిగబట్టి ఒక్క గుక్కలో చదవాలని చాలామంది అనుకుంటారు. మొదటి నాలుగైదు పుస్తకాలకు అది సరే. ఆ తర్వాత వేగం తగ్గించండి. ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో 'ఎవరు ఏమన్నారు', రెండో గడిలో 'మనకు కంటికి కనిపించింది ఏమిటి', మూడో గడిలో 'నేను ఊహించుకున్నది' అని రాసుకోండి.

ఉదాహరణకు తోటమాలి "రాత్రి పదింటికి దొడ్డి గుమ్మం గడియ వేశాను" అన్నాడు. అది మొదటి గడి. పొద్దున గడియ తీసి ఉంది. అది రెండో గడి. "దొంగ దొడ్డిదారిన వచ్చాడు" అన్నది మూడో గడి. మనం తెలియకుండానే మూడో గడిలో మాటను రెండో గడిలోకి తోసేస్తుంటాం. గడియ లోపలివాళ్లే తీసి ఉండొచ్చు కదా! రచయిత మనల్ని పడగొట్టేది సరిగ్గా ఈ సందులోనే. నాలుగు నవలలు ఇలా చదివితే, తోటమాలి మాట వినగానే మీ పెన్సిలు దానంతటదే మొదటి గడి దగ్గర ఆగుతుంది.

ప్రతి అధ్యాయం చివర ఒక్క నిమిషం ఆగి, అప్పటికి మీ అనుమానం ఎవరి మీదో, ఎందుకో ఒక వాక్యం రాయండి. అనుమానం మారినా పాత వాక్యం కొట్టేయొద్దు. పుస్తకం పూర్తయ్యాక ఆ వాక్యాలన్నీ వరుసగా చదువుకుంటే మీ మనసు ఎక్కడ తొందరపడిందో, ఎవరి మీద అకారణంగా పగబట్టిందో తేటతెల్లమవుతుంది.

రెండో మెట్టు: చూపుకు పని చెప్పండి

డాయిల్ ఎడిన్‌బరోలో వైద్యం చదివినప్పుడు జోసెఫ్ బెల్ అనే గురువు ఉండేవాడు. రోగి నోరు తెరవకముందే నడకనూ చేతులనూ బట్టి వాడి వృత్తి చెప్పేవాడు. హోమ్స్‌కు ఆయనే స్ఫూర్తి అని డాయిల్ స్వయంగా చెప్పాడు.

అలాంటి గురువులు మనకు అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ఉన్నారు. కురిడీ రాశి దగ్గర గోనెపట్టా మీద కూర్చున్న పెద్దాయన్ని ఒకసారి దగ్గరగా చూడండి. ఎడమచేత్తో కాయ అందుకుంటాడు. చెవి దగ్గరికి తెచ్చి ఒక్కసారి ఊపుతాడు. నీళ్ల చప్పుడు వినిపిస్తే ఆ కాయ ఒక పక్కకు పోతుంది. నీళ్లు పూర్తిగా ఇంకి, లోపలి కొబ్బరి చిప్పను వదిలేసి దొర్లుతున్న చప్పుడొస్తే ఇంకో పక్కకు పోతుంది. ఊపకముందే బరువుతో సగం తేల్చుకుంటాడు. గండేరా, గటగట అని రకాలు కట్టి వెయ్యి కాయల లెక్కన ధర పలికే ఆ మార్కెట్లో, అతని కాయ ఎటు పడితే రైతు డబ్బు అటు పడుతుంది. అందుకే అతను తొందరపడడు. చప్పుడు తేలకపోతే రెండోసారి ఊపుతాడు.

మీ వృత్తిలో కూడా అలాంటి చూపు మీకు ఉండే ఉంటుంది. టైలరుకు కుట్టు చెబుతుంది, టీచరుకు కాపీ కొట్టినవాడి కళ్లు చెబుతాయి, నర్సుకు రోగి పడుకున్న తీరు చెబుతుంది. డిటెక్టివ్ కథ చదివేటప్పుడు ఆ చూపును పక్కన పెట్టకండి, పుస్తకంలోకి తీసుకెళ్లండి. కథలో వంటింటి వివరం వస్తే వంట తెలిసినవాళ్లకు ఆధారం పరిశోధకుడి కంటే ముందే అందుతుంది. ఆ గెలుపు ఇచ్చే ఆనందం ఇంకెక్కడా దొరకదు.

మూడో మెట్టు: ఎరను గుర్తుపట్టండి

ఇక్కడ మీ కోసం నేను కల్పించిన చిన్న కథ ఒకటి ఉంది. పెన్సిలు చేత్తో పట్టుకుని చదవండి.

రాజోలు దగ్గర ఒక పాత మండువా లోగిలి. అటక మీద కురిడీ కోసం వరుసలుగా పేర్చిన రెండొందల కాయలు. ఇంటి మామ్మగారు సంక్రాంతి పండగ వెళ్లగానే తన నాంతాడును ఒక కాయ పీచులో చీలిక చేసి దాచి, దూలం వారగా మూల పెట్టారు. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి తీద్దామంటే ఆ కాయ లేదు. "ఆ సంగతి నాకూ ఆ భగవంతుడికీ తప్ప ఎవరికీ తెలీదు" అని ఆవిడ లబోదిబోమన్నారు. "సంక్రాంతికి మనవడు నిచ్చెన పట్టుకుంటే ఎక్కానే, అదే ఆఖరు. ఆ తర్వాత మోకాళ్లు సహకరించక మళ్లీ ఎక్కలేదు" అని కూడా అన్నారు.

ఆ ఇంట్లో ఉగాది తర్వాత పనికి కుదిరిన ఒక అమ్మాయి ఉంది. ఇల్లంతా ఊడుస్తుంది, అటక జోలికి పోదు. వ్రతానికి ముందురోజు కొబ్బరి వ్యాపారి బేరానికి వచ్చి అటకెక్కాడు. కాయను చేత్తో పట్టుకుంటే లోపల ఏముందో చెప్పేస్తాడని చుట్టుపక్కల పేరున్నవాడు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మనవడు వ్రతానికని మూడురోజుల సెలవు మీద వచ్చాడు.

అటక మీద కాయలన్నిటికీ ఏడు నెలల దుమ్ము మందంగా పట్టి ఉంది. ముందు వరుసలో నాలుగు కాయల మీద మాత్రం వేళ్ల గుర్తులున్నాయి. దూలం పక్కన ఒక్క కాయంత ఖాళీ. మిగతా వరుసల దుమ్ము చెక్కుచెదరలేదు. ఊరంతా పనమ్మాయి పేరే చెప్పుకుంటోంది.

మీ జవాబు కాగితం మీద రాసి, అప్పుడు కింది పేరా చదవండి.

ఈ కథలో పెద్ద ఎర వ్యాపారి నైపుణ్యం. కాయ పట్టుకుని చెప్పేస్తాడు అనగానే మన మనసు అతని మీదికి దూకుతుంది. కానీ అతను నిజంగా ఆ విద్యతోనే నాంతాడు ఉన్న కాయను పసిగట్టాలంటే వరసగా ఎన్నో కాయలు ఎత్తి చూడాలి. అతను ఊపి చూసినవి ముందు వరుసలో నాలుగే. మిగతా దుమ్ము కదలలేదంటే దొంగ వెతకలేదు. తిన్నగా మూలకు వెళ్లి ఆ ఒక్క కాయే తీశాడు. అంటే అది ఎక్కడుందో వాడికి ముందే తెలుసు. అది తెలియాలంటే సంక్రాంతి వెళ్లగానే మామ్మగారు పెడుతుంటే చూసి ఉండాలి. పనమ్మాయి అప్పటికి ఆ ఇంట్లో లేదు. నిచ్చెన పట్టుకున్నవాడు ఒక్కడే ఉన్నాడు. "ఎవరికీ తెలీదు" అన్న మామ్మగారు అబద్ధమాడలేదు. మనవణ్ణి 'ఎవరో' అన్న లెక్కలో ఆవిడ వేసుకోలేదు, అంతే.

గమనించండి, ఆధారాలన్నీ మీ కళ్ల ముందే ఉన్నాయి. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే రచయిత డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. వాటి సారం ఒక్కటే: పరిశోధకుడికి దొరికిన ఆధారం పాఠకుడికీ దొరకాలి. ధర్మంగా ఆడే ఆట ఇది. ఆ ధర్మం తప్పిన రచయితను నిర్మొహమాటంగా పక్కన పెట్టేయండి. చివరి పేజీలో కవల సోదరుడు ఊడిపడితే ఆ ఓటమి మీది కాదు.

ఊరు ఎవరి పేరు చెప్పుకుందో కూడా మరిచిపోకండి. పేదరాలి మీదికి మొదటి అనుమానం పోవడం మన చుట్టూ రోజూ జరిగే అన్యాయం. మంచి డిటెక్టివ్ కథ ఆ అన్యాయాన్ని మన చేత ఒక గంటసేపు చేయించి, ఆ తర్వాత సిగ్గుపడేలా చేస్తుంది.

నాలుగో మెట్టు: జరగనిదాన్ని అడగండి

జరిగినవి అందరికీ కనిపిస్తాయి. జరగాల్సి ఉండి జరగనిది కనిపించాలంటే సాధన కావాలి. 1892లో డాయిల్ రాసిన 'సిల్వర్ బ్లేజ్' కథలో పందెపు గుర్రం మాయమవుతుంది. ఆ రాత్రి గుర్రపుశాలలో కుక్క మొరగలేదన్న చిన్న సంగతిని హోమ్స్ పట్టుకుంటాడు. కుక్క ఏమీ చేయలేదు కదా అని ఇన్‌స్పెక్టరు అంటే, అదే వింత అంటాడు. కథలో ఎవరి ఏడుపు వినిపించలేదు, ఎవరు అడగాల్సిన ప్రశ్న అడగలేదు, ఎవరి భోజనం చెక్కుచెదరకుండా ఉంది అని మీ కాగితం వెనక వైపు రాసుకుంటూ వెళ్లండి. మన కథలో కదలని దుమ్ము కూడా ఇలాంటిదే.

ఐదో మెట్టు: 'ఎవరు' నుంచి 'ఎందుకు' దాకా

ఏది ముందు, ఏది తర్వాత చదవాలని అడిగేవాళ్లకు నేను చెప్పే వరస ఇది. మొదట హోమ్స్ చిన్న కథలు. ఒక్కోటి ఒక్క కూర్చోడంలో అయిపోతుంది. తర్వాత యుగంధర్. మన భాషలో, మన మనుషుల మధ్య ఆ ఆట ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఆ తర్వాత అగాథా క్రిస్టీ. 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' 1934లో, 'అండ్ దెన్ దేర్ వర్ నన్' 1939లో వచ్చాయి. వాటి ముగింపులు ఎవరు చెప్పబోయినా చెవులు మూసుకోండి. క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్‌ను మన పల్లెవాళ్లు ప్రత్యేకంగా చదవాలి. ఉన్ని అల్లుకుంటూ కూర్చునే ముసలావిడ. ఎంత పెద్ద హత్య జరిగినా, తన ఊళ్లో ఫలానా పాలవాడు చేసిన పనితో, ఫలానా పనిపిల్ల ఆడిన అబద్ధంతో పోల్చి ముడి విప్పేస్తుంది. ఒక్క పల్లెను బాగా చూసినవాడికి లోకంలో మనుషులందరూ తెలుస్తారని ఆవిడ నమ్మకం. మన అరుగుల మీద అలాంటివాళ్లను మనం ఎంతమందిని చూడలేదు!

బెంగాలీలో శరదిందు బందోపాధ్యాయ 1930లలో సృష్టించిన బ్యోమకేశ్ తనను డిటెక్టివ్ అని పిలిపించుకోవడానికి ఇష్టపడడు, సత్యాన్వేషి అంటాడు. 1965లో సత్యజిత్ రాయ్ పిల్లల కోసం ఫెలూదాను తెచ్చారు. ఇంట్లో పన్నెండేళ్ల పిల్లలుంటే మొదలుపెట్టడానికి ఫెలూదా చక్కని దారి.

ఇవన్నీ అయ్యాక నేటి రచయితల దగ్గరికి రండి. జపాన్ రచయిత కీగో హిగాషినో 2005లో రాసిన 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'లో హత్య చేసిందెవరో మొదట్లోనే మన కళ్ల ముందు చూపించేస్తాడు. అయినా చివరిదాకా పుస్తకం కింద పెట్టలేం. ఎవరు అన్న ప్రశ్న స్థానంలో ఎలా, ఎందుకు అన్నవి వచ్చి కూర్చుంటాయి. పెన్సిలుతో పేరు రాసి ఉన్న ఆ అద్దె పుస్తకం నాకు అనుకోకుండా నేర్పినదాన్ని ఈయన కావాలనే చేశాడు.

చదవడం పూర్తిగా అలవాటు లేనివాళ్లు సినిమాతో మొదలుపెట్టినా తప్పులేదు. మన పసలపూడి వంశీగారు తీసిన 'అన్వేషణ' (1985), మల్లాది వెంకట కృష్ణమూర్తిగారి నవల ఆధారంగా జంధ్యాలగారు నవ్విస్తూ నడిపిన 'చంటబ్బాయ్' (1986), నెల్లూరు నేపథ్యంలో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' (2019) ఇంట్లో అందరూ కలిసి చూడండి. సగంలో ఆపి, ఎవరి ఊహ వాళ్లను చెప్పమనండి.

ఆరో మెట్టు: వెనక నుంచి మళ్లీ ఒకసారి

ముగింపు తెలిసిపోయాక పుస్తకాన్ని అటక మీద పడేసేవాళ్లు సగం ఆనందం వదులుకుంటున్నారు. ఆత్రేయపురం దగ్గర ర్యాలి వెళ్లారా? అక్కడి జగన్మోహినీ కేశవస్వామిని ముందు నుంచి చూస్తే కేశవుడు. అర్చకులు చూపిస్తుంటే వెనక్కి వెళ్లి చూస్తే అదే శిలలో జడతో మోహిని. వెనక వైపు చూసి తిరిగి ముందుకొచ్చి నిలబడ్డాక, ఆ కేశవుడు మీకు మొదట కనిపించిన కేశవుడిలా ఉండడు. శిల్పి ఒకే రాతిలో రెండు రూపాలు ఎలా ఇమిడ్చాడా అని కళ్లు వెతుకుతాయి.

మంచి డిటెక్టివ్ నవల కూడా ఒకే రాయి. మొదటిసారి చదివినప్పుడు ఒక కథ. నిజం తెలిశాక మళ్లీ చదివితే అవే మాటల్లో రెండో కథ. "ఆయన చాలా మంచివాడండీ" అన్న వాక్యం మొదటిసారి మర్యాద, రెండోసారి భయం. క్రిస్టీ 1926లో రాసిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్' ఈ రెండో చదువు కోసమే పుట్టిందా అనిపిస్తుంది. ఏడాదికి ఒక్క పుస్తకాన్నైనా ఇలా తిరిగి చదవండి.

పాత పుస్తకాలతో ఒక జాగ్రత్త

పాత డిటెక్టివ్ కథల్లో అందాలే కాదు, ఆ కాలపు దురభిప్రాయాలు కూడా ఉంటాయి. విదేశీయుడు కనబడితే అనుమానం, నల్లగా ఉన్నవాడు కనబడితే అనుమానం, ఒంటరి ఆడది కనబడితే అనుమానం. 'అండ్ దెన్ దేర్ వర్ నన్' ఇంగ్లండులో మొదట వెలువడినప్పటి పేరులో నల్లజాతివారిని కించపరిచే మాట ఉండేది, తర్వాత దాన్ని మార్చేశారు. మన జేబు నవలల్లోనూ స్త్రీలను చూపించిన తీరు పలుచోట్ల మనసుకు కష్టంగా ఉంటుంది. ఆ చోట కళ్లు మూసుకోవద్దు, పుస్తకం విసిరేయనూ వద్దు. పిల్లలతో కలిసి చదువుతుంటే ఆగి, ఇది ఎందుకు తప్పో చెప్పండి. కేవలం రూపాన్ని చూసి ఒకణ్ణి దోషి అనుకోవడమే కదా ఈ సాహిత్యం మన చేత మాన్పించాల్సిన జబ్బు.

ఈ నెల సాధన

మొదటి వారం: ఒక హోమ్స్ కథ తీసుకోండి. మూడు గళ్ల కాగితం పక్కన పెట్టుకుని చదవండి.

రెండో వారం: మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లి సభ్యత్వం తీసుకోండి. కొమ్మూరి, యండమూరి, మల్లాది పుస్తకాలు ఏవున్నాయో అడగండి. లేకపోతే తెప్పించమని గ్రంథాలయాధికారిని కోరండి. పాఠకుడు అడిగితేనే ఆ బీరువాలోకి పుస్తకం వస్తుంది. ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఈ మాట గట్టిగా అడగండి.

మూడో వారం: ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక ఒకరు పైకి చదవండి, మిగతావాళ్లు వినండి. రోజుకు ఒక అధ్యాయం. ఆఖరి అధ్యాయానికి ముందు అందరూ తమ జవాబు చీటీ మీద రాసి డబ్బాలో వేయాలి. మామ్మలకూ తాతలకూ తప్పకుండా చీటీ ఇవ్వండి. ఎక్కువసార్లు వాళ్లే గెలవడం నేను చూశాను.

నాలుగో వారం: పుస్తకం బయట. ఫోనులో ఎవరో ఒక వీడియో పంపుతారు. ఫలానావాడు దొంగ, ఫలానా అమ్మాయి అలాంటిది, ఫలానా ఇంట్లో ఇలా జరిగింది. ఇంకొకరికి పంపేముందు మనసులో ఆ మూడు గళ్లు గీయండి. ఎవరో అన్నది ఏది, నేను కంటితో చూసింది ఏది, ఊహించుకున్నది ఏది? రెండో గడి ఖాళీగా ఉంటే ఆ కబురు మీ దగ్గరే ఆగిపోవాలి. ఇంటి విషయంలోనూ అంతే. డబ్బాలో నోటు కనిపించకపోతే ముందు పనమ్మాయిని కాకుండా, నిచ్చెన ఎవరు పట్టుకున్నారని అడగండి.

నాలుగిళ్లు దాటేలోపు పుకారు ఊరంతా పాకిపోయే చోట మనం బతుకుతున్నాం. తీర్పును ఒక్క రోజు ఆపగలిగిన మనిషి ఆ ఊరికి చేసే మేలు చిన్నది కాదు. ఆ ఓపిక ఉపన్యాసాలు వింటే రాదు. పరాయి మనిషి మీద అనుమానపడి, తప్పని తెలుసుకుని, లోపల్లోపల తలవంచుకుంటే వస్తుంది. నిజ జీవితంలో ఆ పాఠానికి ఎవరో ఒకరు బలి కావాలి. పుస్తకంలో అయితే ఎవరికీ దెబ్బ తగలకుండా, ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు.

ఈ రాత్రే ఒక డిటెక్టివ్ పుస్తకం తీయండి. పెన్సిలు దగ్గర పెట్టుకోండి. మీ ఊహ మీ కాగితం మీదే రాసుకోండి. పుస్తకం మొదటి పేజీని మాత్రం మీ తర్వాత చదివేవాళ్ల కోసం తెల్లగా వదిలేయండి.